వేడుకకు ముందు మాట యేది?

మన యిండ్లలో ఆడపిల్ల సమర్తాడెనను వార్తకు కాళ్లు మొలచుటకు గడియ పట్టదు. ఆ పూటకే మేనమామకు కబురు పోవును. పంచాంగము తీసి నక్షత్రఫలము చూతురు. తాటాకు చాప పరతురు, చిమ్మిలి దంచుదురు, ముత్తైదువలను పిలుతురు. తమిళనాట స్థిరపడిన మనవారిలో పలువురు దీనిని అచ్చటి పసుపునీటి వేడుకతో జోడించి కల్యాణమండపము దాక పెంచిరి. వీధి మొగమున పిల్లయొక్క నిలువెత్తు పటము, మైకులో పాటలు, చదివింపుల పద్దు. అప్పు చేసి జరుపువారును కలరు. ఇంతమంది కూడిన ఆ పందిటిలో మేమొక ప్రశ్న అడుగుదుము. "ఒకనాడు నీ బట్టలపై రక్తము కనబడును, అది గాయము కాదు, రోగము కాదు, నన్ను పిలువుము" అని ఈ బిడ్డతో ముందుగా చెప్పినవారు ఎవరు?

చాల యిండ్లలో ఎవరును చెప్పరు. పిల్ల బడి మరుగుదొడ్డిలో ఆ రక్తమును చూచి, ప్రాణము మీదికి వచ్చినదని వణకును. ఇంటికి వచ్చి లంగా దాచును. కన్నతల్లికి చెప్పుటకును వెరచును. తెలియవలసిన బిడ్డకు ముందు తెలుపక, తెలియనక్కరలేని ఊరికి తరువాత చాటుట యేమి న్యాయము?

పూర్వ మీ చాటింపునకు ఒక ప్రయోజనముండెను. పిల్ల పెండ్లి యీడునకు వచ్చెనని బంధువర్గమునకు తెలుపుటయే అది. 1978 నుండి ఆడపిల్లకు 18 ఏండ్లు నిండనిదే వివాహము చట్టసమ్మతము కాదు. పండ్రెండేండ్ల పిల్ల పటమును వీధిలో నిలిపి ఇపుడు ఎవరికి ఏమి తెలుపుచున్నారో చెప్పగలవారు మాకు గానరాలేదు. ఇంటిలో నలుగురు ముత్తైదువలు హారతియిచ్చి, చిమ్మిలి తినిపించి దీవించినచో మాకభ్యంతరము లేదు. పిల్లకు సిగ్గగుచున్నను వినక మండపమెక్కించుటయే మా కభ్యంతరము.

రాష్ట్రేతరాంధ్రులమైన మనకు ఈ విషయమున మరియొక చిక్కు కలదు. మాతృభాషకొరకు మన సంఘములు చేసిన శ్రమ తక్కువది కాదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణమును మనవారు కంఠస్థము చేసిరి. 2006 నాటి తమిళ బోధన చట్టము వచ్చిన పిమ్మట తెలుగు బడులకై న్యాయస్థానముల మెట్లెక్కిరి. ఐనను మన యింటి తెలుగులో ఈ యొక్క సంగతికి సూటియైన మాట పిల్ల చెవిని పడనీయరు. "బయట చేరినది", "దూరముగా నున్నది", "కాకి ముట్టినది" అందురు. అయిదేండ్ల పిల్ల నిజముగా కాకి కొరకు ఆకాశము చూచును. పదేండ్లు దాటిన పిల్ల బడిలో తమిళమున మాదవిడాయ్ అనియు, కన్నడమున ఋతుచక్ర అనియు, మరాఠీలో మాసిక్ పాళీ అనియు చదువును. ఆ మాటతో ఇల్లు చేరి అమ్మ నడుగవలెనన్న తెలుగు మాట దానికి రాదు. ఒడ్డు భాషలోని బడిమాట అవ్వకు తెలియదు. ఒకే కప్పు క్రింద మూడు తరముల స్త్రీలుండియు ఒకరితో నొకరు చెప్పుకొనలేరు. "నెలసరి" యను చక్కని మాట మనకున్నది. దానిని వాడుటకు ఏ న్యాయస్థానపు అనుమతియు అక్కరలేదు.

"మా కెవరు చెప్పిరి, మేము పెరుగలేదా" యని పెద్దవారందురు. పెరిగితిరి. కాని ఆనాటి భయమును అడిగి చూడుడు, అరువదేండ్ల అవ్వ సయితము ఆ దినమును మరువలేదు. "ముందే చెప్పిన పిల్ల చెడిపోవు"నని మరికొందరు. ఆకలి సంగతి చెప్పినందున పిల్ల తిండిపోతు కాదు. "బడిలో చెప్పుదురు గదా" యనునది మూడవ సాకు. పాఠ మాలస్యముగా వచ్చును, కొన్ని బడులలో ఆ పుటలను ఇంట చదువుకొనుడని విడిచిపెట్టుదురు.

చెప్పుటకు పాండిత్యము పనిలేదు. తొలి నెలసరి సాధారణముగా పండ్రెండు పదుమూడేండ్లకు వచ్చును గాని తొమ్మిదేండ్లకే వచ్చు పిల్లలు కలరు, పదునైదింటికి వచ్చువారును కలరు. రొమ్ము మొగ్గ తొడిగిన ఇంచుమించు రెండేండ్లకు అది వచ్చును. కొన్ని నెలలు ముందుగా తెల్లని స్రావము కనబడవచ్చును. కావున ఎనిమిది తొమ్మిదేండ్లకే మాట ప్రారంభింపవలెను. గర్భాశయపు లోపొర నెలనెలకు మందమై, అక్కరలేనపుడు రక్తముతో విడిపోవుననియు, అందు మైల యనదగిన దేదియు లేదనియు చెప్పుడు. రెండు నుండి ఏడు దినములుండును. పోవు రక్తమంతయు కలిపి సాధారణముగా రెండు మూడు పెద్ద చెంచాలకు మించదు. చూచుటకు మాత్ర మెక్కువగా దోచును. ఈ లెక్క యొక్కటి తెలిసిన పిల్లకు సగము భయము తీరును. మొదటి యొకటి రెండేండ్లు తేదీలు తప్పుచుండుట సహజము.

మాటతో సరిపుచ్చక చేతితో చూపుడు. ప్యాడ్ ఎట్లమర్చవలెనో, నాలుగైదు గంటల కెట్లు మార్చవలెనో ముందే చూపి, ఒకటి రెండు బడిసంచిలో నుంచుడు. గుడ్డ వాడువారు సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయవలెను. చీర క్రింద దాచి చీకటి మూల నారవేసిన గుడ్డ ఆరదు, జబ్బు తెచ్చును. పదునైదేండ్లు నిండియు రానిచో, ఏడు దినములు దాటినచో, గంటకు రెండు గంటలకు ప్యాడ్ తడిసిపోవుచున్నచో, నొప్పికి బడి మానవలసివచ్చినచో వైద్యురాలికి చూపవలెను. తిండి తగ్గింపరాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన దేశమున 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. అట్టి పిల్లకు పాలు పెరుగు నిషేధించుట ఏ శాస్త్రమో మేమెరుగము.

ఇక దూరముంచుట. 2018 నవంబరులో గజ తుపాను వచ్చిన రాత్రి, తంజావూరు జిల్లా పట్టుకోట ప్రాంతమున, అప్పుడే ఈడేరిన బాలికను ఆచారము కొరకు వేరు గుడిసెలో పరుండబెట్టిరి. కొబ్బరిచెట్టు గుడిసెపై గూలి ఆ బిడ్డ మరణించెను. ఆ యిల్లు ఏ భాషవారిదో మా ప్రశ్న కాదు. పచ్చని కొమ్మలతో మేనమామ కట్టెడి గుడిసె మన యిండ్ల ముంగిటను లేచుచున్నది. గాలివాన లేని దినమున మాత్రము అది మంచిదని ఎవరనగలరు?

బరంపురము ప్రాంతపు మనవారు ఏటేట జూను నడుమ రజ పండుగ చూతురు. భూమాతకు ఋతుకాలమని ఆ దినములందు దున్నరు, త్రవ్వరు. కన్నెపిల్లలు కొత్తబట్టలు కట్టి ఉయ్యాలలూగుదురు. నేలకిచ్చు గౌరవమును అదే యూళ్లలో నేలమీది పిల్లకు పలుచోట్ల ఈయకుండుటయు మే మెరుగుదుము. ఐనను దీనిని ఉత్సాహముతో పలుకు పొరుగువారి నుండి ఆ మాట తీరైన నేర్వవచ్చును.

తండ్రులు ఈ వ్యాసమును ఇంతవరకు చదివిరో, ఆడవారి సంగతి యని పుట త్రిప్పిరో తెలియదు. తల్లిలేని పిల్ల కెవరు చెప్పవలెను? 2018 జులైలో ప్యాడ్లపై పన్ను తొలగెను. తమిళనాట 2012 నుండి పుదుయుగం పథకము క్రింద గ్రామీణ బాలికల కుచితముగా నీయ నారంభించిరి. ఒడిశాలో 2018లో ఖుషీ పథకము వచ్చెను. ప్రభుత్వము పలికిన మాటను ఇంటి యజమాని పలుకలేడా?

సమర్త వేడుకల పటములు ప్రచురింపుడని ఈ పత్రికకు వచ్చుచున్నవి. ఇకమీదట ఏ పిల్ల పటమును ఈ సందర్భమున ప్రచురింపము. చందాదారులు అలిగినను సరే. దానికి బదులు, ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వరకు గల ఆడపిల్లల తల్లులను, అవ్వలను వేసవి సెలవులలో ఒక ఆదివారము కూర్చి, తెలుగు తెలిసిన వైద్యురాలిచేత మాటలాడింపవలెనని ప్రతి శాఖను కోరుచున్నాము. అవ్వలకు ముందువరుస. పురుషులు వెలుపల కాఫీ ఏర్పాటు చూడవచ్చును. తిరిగి పోవునపుడు అంగడిలో ప్యాడ్ల పొట్లము కొని, నల్లసంచిలో చుట్టింపక చేతబట్టుకొని ఇంటికి నడువవచ్చును.