మినార్‌కు రంగు: పరంజా మంచిదా, తాడు మంచిదా?

రంజాన్ దగ్గర పడుతోందంటే మసీదుల్లో రంగుల పని మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ అంతే. కింది గోడల వరకు నిచ్చెన సరిపోతుంది. చిక్కంతా మినార్ దగ్గరే వస్తుంది. మేస్త్రీ రెండు రేట్లు చెప్తాడు. పరంజా కట్టి చేస్తే ఒక రేటు, పైనుంచి తాడు మీద దిగి చేస్తే ఇంకో రేటు. తాడు రేటు బాగా తక్కువ ఉంటుంది. చందాల డబ్బు కదా అని కమిటీ కూడా తక్కువ వైపే మొగ్గుతుంది.

ఈ ప్రశ్న మసీదులకే పరిమితం కాదు. రెండు జిల్లా కేంద్రాల్లో అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, కాలేజీ బిల్డింగులు ఎత్తు పెరుగుతున్నాయి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పనులతో ఈ ప్రాంతంలో ఎత్తైన కట్టడాలు ఇంకా వస్తాయి. కట్టిన ప్రతి గోడకూ కొన్నేళ్లకు రంగో, మరమ్మతో తప్పదు. అప్పుడు ఎవరో ఒకరు పైకి ఎక్కాల్సిందే. కాబట్టి ఏ పద్ధతి చవక అన్నదాని కంటే ముందు, ఆ రెండు రేట్లలో ఏమేం కలిసి ఉన్నాయో చూడాలి.

తాడు పని అంటే ఏది?

ప్రపంచంలో రోప్ యాక్సెస్ అనే పద్ధతి ఒకటి ఉంది. కొండలు ఎక్కేవాళ్లు, గుహల్లోకి దిగేవాళ్లు వాడే తాళ్ల విద్య నుంచి అది పుట్టింది. 1980లలో ఉత్తర సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల మీద బాగా వాడకంలోకి వచ్చింది. బ్రిటన్‌లో మొదలైన ఐరాటా అనే సంస్థ దీనికి నియమాలు పెట్టింది. మొదటి నియమం రెండు తాళ్లు. ఒకటి మనిషి బరువు మోసే పని తాడు, రెండోది రక్షణ తాడు. రెండింటినీ వేర్వేరు చోట్ల కట్టాలి. ఒకటి తెగినా, ఒక కట్టు ఊడినా రెండోది మనిషిని ఆపాలి. తాడు కట్టే ఒక్కో చోటు సుమారు 1,500 కిలోల బరువును తట్టుకోవాలి. గోడ అంచు తాడును కోయకుండా మధ్యలో అడ్డు పెట్టాలి.

మనిషికీ నియమాలున్నాయి. లెవెల్ 1 సర్టిఫికెట్‌కు నాలుగు రోజుల శిక్షణ, ఆపైన పరీక్ష. లెవెల్ 2కు వెళ్లాలంటే కనీసం ఏడాది అనుభవం, తాడు మీద 1,000 గంటల పని ఉండాలి. లెవెల్ 3కి మళ్లీ అంతే. సైట్‌లో లెవెల్ 3 సూపర్‌వైజర్ లేకుండా పని మొదలుపెట్టకూడదు. ఒంటరిగా ఎవరూ దిగకూడదు.

మన ఊళ్లలో కనిపించే జూలా ఇది కాదు. ఒక మోకు, దానికి ఒక పలక, పలక మీద కూర్చున్న మనిషి, పక్కన వేలాడే రంగు డబ్బా. మోకు రెండో కొస పైన పిట్టగోడకో, వాటర్ ట్యాంక్ పైపుకో కట్టి ఉంటుంది. నడుముకు బెల్టు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మేస్త్రీ చెప్పే తక్కువ రేటు చాలాసార్లు దీనిదే. అంటే పరంజాతో పోలుస్తున్నది రోప్ యాక్సెస్‌ను కాదు, ఏ రక్షణా లేని మూడో పద్ధతిని. అక్కడ మిగిలినట్టు కనిపించే డబ్బు నిజానికి రెండో తాడు ఖర్చు, శిక్షణ ఖర్చు, సూపర్‌వైజర్ జీతం. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. పలక మీద కూర్చున్న కూలీ ప్రాణం మీదకు మారింది, అంతే.

అసలు లెక్క

పరంజా ఖర్చులో ఎక్కువ భాగం సామాను మీదే. పైపులు, క్లాంపులు, పలకల అద్దె, లారీ కిరాయి, కట్టే కూలీ, విప్పే కూలీ. పని ఒక్క రోజుదైనా ఇవన్నీ పెట్టాల్సిందే. పని ఆలస్యమైతే అద్దె పెరుగుతుంది. రోప్ యాక్సెస్‌లో సామాను తక్కువ, మనిషి నైపుణ్యానికే ఎక్కువ డబ్బు. అందుకే చిన్న పని, తక్కువ రోజుల పని అయితే సరైన రోప్ యాక్సెస్ కూడా చాలాసార్లు చవకే అవుతుంది. పని పెద్దదై వారాల తరబడి సాగితే పరంజా వైపే లెక్క తేలుతుంది.

పనిని బట్టి కూడా తేడా ఉంది. పగుళ్లు చూడటం, అద్దాలు తుడవటం, ఒక పైపు లీకు సరిచేయటం, పైన బల్బు మార్చటం లాంటివి తాడు మీద సులువు. పాత ప్లాస్టర్ కొట్టి కొత్తది వేయాలంటే మాత్రం సిమెంటు, ఇసుక, నీళ్లు పైకి చేరాలి, ఇద్దరు ముగ్గురు నిలబడాలి, రాలే పెచ్చులు కింద పడకుండా ఆపాలి. అక్కడ పరంజాయే సరి.

పాత సున్నపు కట్టడాల సంగతి ఇంకా వేరు. 2019 మే 1న హైదరాబాద్ చార్మినార్ మినార్ నుంచి సున్నపు అలంకారం ముక్క ఊడిపడింది. అంత పేరున్న కట్టడంలోనే పైపొర వదులైతే, మన పట్టణాల్లోని పాత మినార్లు, గుంబద్‌ల పైన తాడు కట్టే చోటు గట్టిగా ఉందని కంటితో చూసి చెప్పగలమా? ఇంజనీర్ చూసి సరే అనేదాకా అలాంటి చోట తాడు కట్టకూడదు.

అయితే పరంజా అనగానే భద్రం అనుకోవటం కూడా పొరపాటే. ఈ తీరంలో సరుగుడు కర్రలు దొరుకుతాయి, వాటినే కొబ్బరి తాళ్లతో కట్టేస్తారు. తడిసి ఆరితే ముడులు వదులవుతాయి. గోడకు బిగించని పరంజా గాలికి ఊగుతుంది. పక్కన రెయిలింగ్ ఉండదు. పరంజాలు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3696 మొదటి భాగం చాలా ఏళ్లుగా ఉంది. కానీ కాంట్రాక్టర్‌ను దాని గురించి అడిగేవాళ్లే తక్కువ.

ఇక్కడి వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న ఉత్తరాంధ్ర తీరాన్ని తాకాయి. తుపాను హెచ్చరిక వస్తే తాళ్లు చుట్టేసి కాసేపట్లో దిగిపోవచ్చు. మినార్ చుట్టూ కట్టిన పరంజాను అంత తొందరగా విప్పలేం. అక్టోబర్, నవంబర్‌లలో పెద్ద పరంజా పని పెట్టుకోకపోవటమే మేలు.

పైకి ఎక్కేది మనవాళ్లే

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది ఉన్నారు. అది భవనమే కూలిన ప్రమాదం, తాడుదీ పరంజాదీ కాదు. కానీ ఎత్తైన భవనాల పనికి ఎవరు వెళ్తున్నారో ఆ రోజు అందరికీ తెలిసింది. చెన్నై, హైదరాబాద్, గల్ఫ్... ఎక్కడ చూసినా ఈ జిల్లాల వాళ్లు ఉంటారు. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే కుర్రాళ్లకు ఐరాటా లాంటి సర్టిఫికెట్ మామూలు కూలీ కంటే మంచి జీతం ఇచ్చే దారి కావచ్చు. ఏజెంట్‌కు డబ్బు కట్టే ముందు శిక్షణకు పెట్టటం గురించి ఇళ్లలో ఆలోచించాలి.

చట్టం కూడా ఉంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. అందులో నిర్మాణం అంటే కొత్తగా కట్టటమే కాదు, మరమ్మతు, నిర్వహణ కూడా. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన కార్మికులు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. రంగులు వేసేవాళ్లలో చాలామంది ఇది తాపీ మేస్త్రీలకే అనుకుని వదిలేస్తున్నారు.

కమిటీగానీ, అపార్ట్‌మెంట్ సంఘంగానీ పని ఒప్పుకునే ముందు నాలుగు మాటలు అడగాలి. తాళ్లు రెండా, ఒకటా? పైన దేనికి కడతారు, దాన్ని ఎవరు చూశారు? నడుము బెల్టా, ఒళ్లంతా పట్టి ఉంచే హార్నెసా? మనిషి మధ్యలో స్పృహ తప్పితే ఎవరు, ఎలా దించుతారు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కొన్ని నిమిషాల్లోనే ప్రాణం మీదకు రావచ్చు. ఫైర్ ఇంజన్ వచ్చేదాకా ఆగే సమయం ఉండదు. దించగలిగే మనిషి అక్కడే ఉండాలి.

వీటికి జవాబు లేకపోతే రేటు ఎంత తక్కువైనా ఆ పని ఆపాలి. తవక్కుల్ అంటే జాగ్రత్త వదిలేయటం కాదు. ఒక ఏడాది మినార్‌కు రంగు లేకపోయినా నమాజ్ ఆగదు. ఆ పలక మీద కూర్చున్న మనిషి పడిపోతే మాత్రం ఒక ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది.