లక్షకి ఇన్ని దోపిడీలట!

మా అక్కకి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిన రోజున మా వీధి వీధంతా మిఠాయి పంచాం. సరిగ్గా పదిరోజుల తర్వాత అదే ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. కారణం ఒక జాబితా. 'అమెరికాలో అతి ప్రమాదకరమైన నగరాలు' అని ఎవరో మా బాబాయి ఫోనుకి పంపారు. అందులో సెయింట్ లూయిస్ పేరు పైవరసలో ఉంది. అక్కకి సీటు వచ్చింది ఆ ఊళ్ళోనే.

"అక్కడ పట్టపగలే తుపాకి చూపించి దోచుకుంటారంట అన్నయ్యా. ఎకరన్నర తాకట్టు పెట్టి ఆడపిల్లని అలాంటి చోటికి పంపుతామా?" అన్నాడు బాబాయి. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క ఏమీ మాట్లాడలేదు.

నేను బి.ఎస్సీ.లో స్టాటిస్టిక్స్ విద్యార్థిని. ఆ రాత్రి నాన్న నన్ను పిలిచి "లెక్కలే గదా నువ్వు చదివేది. ఈ లెక్క నిజమో కాదో చూసి చెప్పు" అన్నాడు. ఇరవయ్యేళ్ళలో నాన్న నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. ఆ లెక్క వెంటబడితే నాకు తెలిసొచ్చిన సంగతులే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నగరాల దోపిడీ రేట్లు అబద్ధాలు కావు. కాని వాటిని వరసగా పేర్చి ఇది మంచి ఊరు, అది చెడ్డ ఊరు అని ముద్ర వెయ్యడం శాస్త్రం కాదు. అంతకంటే ముఖ్యంగా, మన పిల్లల్ని కాపాడే విషయం ఆ జాబితాలో ఉండదు.

దోపిడీ అంటే ఏది?

ముందు మాట తేల్చుకుందాం. అమెరికాలో ఊరూరి పోలీసు లెక్కలు పోగుచేసే పని 1930 నుంచి ఎఫ్.బి.ఐ. చేస్తోంది. వారి లెక్క ప్రకారం మనిషి దగ్గర్నుంచి బలప్రయోగంతో గాని, బెదిరించి గాని, భయపెట్టి గాని ఏదైనా లాక్కోవడం, లాక్కోవాలని ప్రయత్నించడం దోపిడీ. ఎవరూ లేని ఇంట్లో తాళం పగలగొట్టి సొమ్ము ఎత్తుకుపోతే అది వేరే పద్దు. జేబు కొట్టేస్తే అది ఇంకో పద్దు. మన చట్టంలో అయిదుగురు గాని, అంతకు మించి గాని కలిసి చేస్తే దానికి వేరే పేరు, వేరే శిక్ష ఉన్నాయి. అమెరికా లెక్కలో ఒక్కడు చేసినా పదిమంది చేసినా దోపిడీ దోపిడీయే.

ఈ సంగతి తెలిశాక బాబాయికి వచ్చిన జాబితాని నిదానంగా చదివాను. అది దోపిడీల జాబితా కానేకాదు. హత్యల రేటు మీద కట్టింది! చదివినవాళ్ళు దొంగతనాలు, దోపిడీలు, హత్యలు అన్నీ ఒకే బస్తాలో పోసి 'ప్రమాదం' అని మూతి కుట్టేశారు. మిరపకాయలూ పత్తీ కలిపి తూకం వేస్తే ఆ తూకానికి ఏ రేటు కట్టాలి?

లవం సంగతి

రేటు అంటే భిన్నమే కదా. పైన లవం, కింద హారం. దోపిడీల సంఖ్య లవం, ఊరి జనాభా హారం. వచ్చినదాన్ని లక్షమందికి ఇన్ని అని చెబుతారు. 

లవంలోకి ఎక్కేవి పోలీసుల దాకా వెళ్ళిన దోపిడీలే. మూడేళ్ళ క్రితం మా బోరు మోటారు పోయింది. 'తిరిగితే చెప్పులరగడం తప్ప ఏం లాభం' అని నాన్న స్టేషనుకి వెళ్ళలేదు. అంచేత సర్కారు రికార్డులో మా మోటారు ఇంకా బోరు మీదే ఉంది! అమెరికాలోనూ ఇదే బాపతు. అందుకే వాళ్ళు 1973 నుంచి ఇంకో పద్ధతి కూడా నడుపుతున్నారు. వేలాది ఇళ్ళకి వెళ్ళి, మీకేమైనా జరిగిందా, జరిగితే పోలీసులకి చెప్పారా అని అడుగుతారు. ఆ సర్వేల ప్రకారం దోపిడీల్లో పోలీసులకి తెలిసేవి సుమారు సగానికీ మూడింట రెండు వంతులకీ మధ్య ఉంటున్నాయి. ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఒక ఊళ్ళో పోలీసుల మీద జనానికి నమ్మకం పెరిగితే ఫిర్యాదులు పెరుగుతాయి, రేటూ పెరుగుతుంది. నమ్మకం చచ్చిపోయిన ఊళ్ళో రేటు తక్కువగా కనిపిస్తుంది. 

ఇంకోటి. చాలా ఏళ్ళపాటు ఎఫ్.బి.ఐ. పాత పద్ధతిలో ఒక సంఘటనలో అన్నిటికంటే పెద్ద నేరం ఒక్కటే లెక్కలోకి వచ్చేది. దొంగ దోచుకుని మనిషిని చంపితే అది హత్యల పద్దులో ఒకటి, దోపిడీల పద్దులో సున్నా. 2021లో ఆ పద్ధతి మాని, ప్రతి సంఘటననీ వివరంగా రాసే పద్ధతికి మారారు. కాని కొత్త పద్ధతిలోకి చాలా ఊళ్ళు సమయానికి రాలేకపోయాయి. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ అంతటి నగరాలే ఆ సంవత్సరానికి లెక్కలు పూర్తిగా అందించలేదు. మరి ఆ ఏడాది దేశం మొత్తానికి ర్యాంకులు కట్టడం, సగం మంది పరీక్ష రాయని క్లాసులో ఫస్టు ఎవరో చెప్పడం లాంటిదే.

హారం సంగతి

అసలు కిటుకంతా హారంలో ఉంది. మా ఊళ్ళో ఒక పెద్దరైతు ఉన్నాడు. ఎవరికి ఎకరాకి ఇరవై క్వింటాళ్ళ మిర్చి అయినా ఆయనకి మాత్రం ఇరవయ్యయిదు. చిన్నప్పుడు నేను ఆయన సేద్యం గొప్పదనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది. కళ్ళం, గట్లు, బోరు చుట్టూ బీడు తీసేసి మొక్క ఉన్న నేల మటుకే ఆయన కొలుస్తాడు. మా నాన్న పాస్ పుస్తకంలో ఉన్నదంతా కొలుస్తాడు. పంట ఒక్కటే, గట్టు ఎక్కడ వెయ్యాలన్నదే తేడా.

సెయింట్ లూయిస్ కథ కూడా ఈ గట్టు కథే. 1876లో ఆ నగరం చుట్టుపక్కల ప్రాంతం నుంచి చట్టప్రకారం విడిపోయింది. అప్పటి హద్దులే నేటికీ ఉన్నాయి, అరవై పైచిలుకు చదరపు మైళ్ళు. 1950లో ఆ హద్దుల లోపల 8,56,796 మంది ఉండేవారు. ఉన్నవాళ్ళు మెల్లగా శివార్లకి తరలిపోగా 2020 నాటికి మిగిలింది 3,01,578 మంది. హద్దులకి బయట, అదే మహానగర ప్రాంతంలో, మొత్తం కలిపితే పాతిక లక్షలకు పైగా జనం ఉన్నారు. వాళ్ళు నగరంలో ఉద్యోగాలు చేస్తారు, ఆటలు చూస్తారు, ఆసుపత్రులకి వస్తారు. హారంలోకి మాత్రం రారు.

ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ చూడండి. 1968లో ఆ నగరాన్నీ చుట్టూ ఉన్న కౌంటీనీ కలిపేశారు. సుమారు 750 చదరపు మైళ్ళ నేల, శివార్లతో సహా ఒకే ఊరు, ఒకే హారం. ఈ రెండిటినీ ఒకే జాబితాలో పక్కపక్కన పెడితే మనం పోలుస్తున్నది నేరాల్నా, సరిహద్దుల్నా?

ఊహకి ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక నగరం నడిబొడ్డున మూడు లక్షలమంది, ఏడాదికి 1,500 దోపిడీలు. లక్షకి 500 అన్నమాట. దాని శివార్లలో ఏడు లక్షలమంది, 500 దోపిడీలు. రెండూ కలిపితే పది లక్షలకి 2,000, అంటే లక్షకి 200. ఒక్క దొంగ పట్టుబడలేదు, ఒక్క దోపిడీ ఆగలేదు. మ్యాపు మీద గీత చెరిపేసరికి రేటు సగానికంటే కిందికి పడిపోయింది!

పగటి జనం సంగతి మరొకటి. 2020లో వాషింగ్టన్ నగర జనాభా ఏడు లక్షల లోపే. కరోనాకి ముందు పనిరోజుల్లో పగటిపూట అక్కడ పది లక్షలు దాటి జనం ఉండేవారు. పొరుగు రాష్ట్రం నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి అక్కడ దోచుకుంటే వాడు లవంలో ఉంటాడు, హారంలో ఉండడు. ఈ చిక్కులన్నీ తెలిసే ఎఫ్.బి.ఐ. తన లెక్కలతో ఊళ్ళకి ర్యాంకులు కట్టవద్దని స్వయంగా హెచ్చరిస్తూ వచ్చింది. 2007లో అమెరికా నేరశాస్త్ర పండితుల సంఘం ఇలాంటి జాబితాలు తగవని తీర్మానమే చేసింది. అయినా జాబితాలు ఆగలేదు. ర్యాంకు చదవడం తేలిక, హెచ్చరిక చదవడం కష్టం.

అయితే లెక్కలన్నీ వట్టివేనా?

కాదు. ఇలా చెప్పి తప్పించుకుంటే అది కూడా అశాస్త్రీయమే. 2010-2019 దశకంలో బాల్టిమోర్ దోపిడీ రేటు, టెక్సాస్ సరిహద్దులోని ఎల్ పాసో రేటుకి పది రెట్లు మించి ఉన్న సంవత్సరాలున్నాయి. పది రెట్ల తేడాని గట్ల మీద నెట్టెయ్యలేం. ఎల్ పాసో పేదవాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరే. కాబట్టి పేదరికం ఒక్కటే దోపిడీకి కారణమనీ చెప్పలేం.

నా మటుకు నాకు, ఒక ఊరిని దానితోనే పోల్చడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. న్యూయార్క్ హద్దులు 1898 నుంచి మారలేదు. 1990లో అక్కడ పోలీసు లెక్క ప్రకారం 1,00,280 దోపిడీలు జరిగాయి. అంటే లక్షకి సుమారు 1,370. 2019లో పదమూడు వేల పైచిలుకు. లక్షకి సుమారు 160. జనాభా పెరిగింది, దోపిడీలు ఎనిమిదోవంతుకి పడిపోయాయి. దేశం మొత్తం మీద కూడా 1991లో లక్షకి 270 పైనున్న రేటు 2019కి 90 లోపుకి వచ్చింది. ఎందుకు తగ్గిందన్న దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పోలీసు పద్ధతులని కొందరు, మత్తుమందుల వ్యాపారం చల్లబడడమని కొందరు, ఉద్యోగాలు పెరగడమని కొందరు. కాని మా తాతల కాలంనాటి 'న్యూయార్క్ అంటే దొంగల అడ్డా' అన్న మాట ఇవాళ పట్టుకు వేళ్ళాడడం తప్పని మాత్రం తేలింది.

ఊరు కాదు, మూల

మా పొలం సాగర్ కాలవ చివరి భూముల్లో ఉంది. తలదగ్గర పొలాలకి నీళ్ళు పొర్లిపోతాయి, మా దగ్గరికొచ్చేసరికి కాలవలో తొండలు తిరుగుతుంటాయి. ఆయకట్టు మొత్తానికి సగటు కట్టి 'ఈ ఏడు నీళ్ళు బాగా ఇచ్చాం' అంటే మా నాన్నకి నవ్వాలో ఏడవాలో తెలియదు. నగరపు సగటు కూడా అంతే.

1989లో లారెన్స్ షెర్మన్, ఆయన సహచరులు మినియాపోలిస్ నగరం మీద ఒక పరిశోధన ప్రకటించారు. ఏడాదిపాటు పోలీసులకి వచ్చిన ఫోన్లన్నిటినీ చిరునామాలవారీగా విడదీశారు. దోపిడీ అని వచ్చిన ఫోన్లన్నీ ఊళ్ళోని చిరునామాల్లో, కూడళ్ళలో నూటికి 2.2 చోట్ల నుంచే వచ్చాయి. మిగతా తొంభై ఏడు పైచిలుకు చోట్ల ఒక్కటి లేదు. బోస్టన్‌లో 1980 నుంచి 2008 దాకా లెక్క తీస్తే, నూటికి ఒకటిగా ఉన్న వీధిముక్కలు, కూడళ్ళలోనే దుకాణాల దోపిడీల్లో ఇంచుమించు సగం జరిగాయి. నడిచే మనుషుల్ని దోచుకున్న సంఘటనల్లో మూడింట రెండు వంతులు నూటికి ఎనిమిది చోట్లలోనే. అంటే 'ప్రమాదకరమైన ఊరు'లో అధికభాగం నిశ్చింతగా నిద్రపోతుంది, 'సురక్షితమైన ఊరు'లో ఒక మూల వణుకుతుంది. 

మిత్రులారా, మన తెలుగు పిల్లల సంగతి ఇక్కడే వస్తుంది. అక్కడి పెట్రోలు బంకుల్లో, చిల్లర దుకాణాల్లో రాత్రి పూట గల్లాపెట్టె దగ్గర కూర్చుని దోపిడీ దొంగల కాల్పులకి బలైన మన పిల్లల వార్తలు మనమంతా చదివాం. ఆ వార్తలు జాబితాలో అట్టడుగున ఉన్న ఊళ్ళ నుంచి కూడా వస్తాయి. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారు చదువు రోజుల్లో వారానికి ఇరవై గంటలు, అదీ క్యాంపస్‌లోనే పనిచెయ్యాలన్నది నియమం. మరి ఆ కౌంటర్ దగ్గరికి వాళ్ళని నెట్టింది ఎవరు? ఇక్కడి అప్పు. నెల నెలా పెరిగే వడ్డీ. 'అప్పుడే ఏమైనా పంపుతున్నాడా' అని అడిగే మనలాంటి ఇరుగుపొరుగు. ఊరి ర్యాంకు చూసి భయపడే మనం, పిల్లవాణ్ణి అర్ధరాత్రి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టే అప్పు చూసి ఎందుకు భయపడం? నా దృష్టిలో ఆ అప్పే అన్నిటికంటే ప్రమాదకరమైన నగరం.

ఇదంతా నాన్నకి కాగితం మీద రాసి చూపించాను. ఓపిగ్గా విన్నాడు. చివరికి "నీ లెక్క బాగుందిరా. కాని నీ లెక్కలో లక్షమంది ఉన్నారు. నాకు ఉన్నది ఒక్కతే" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. సగటు అనేది తండ్రికి చెప్పే ఓదార్పు కాదని ఆ రోజు తెలిసింది. కాని ఆ మాట తర్వాత మా ఇంట్లో ప్రశ్నలు మారాయి. ఊరు మంచిదేనా అని అడగడం మానేశాం. గది క్యాంపస్‌కి ఎంత దూరం? లైబ్రరీ నుంచి రాత్రి ఎలా వస్తుంది? ఆ వీధిలో ఇంకెవరున్నారు? పని దొరక్కపోతే ఏడాదిపాటు తిండికి ఎంత కావాలి? ఆ ఆఖరి ప్రశ్నకి జవాబుగా నాన్న, అక్క రాత్రి పనికి వెళ్ళాల్సిన అవసరం రాకుండా, మరో అరెకరం కౌలుకిచ్చి ఆ డబ్బు విడిగా ఉంచాడు. అక్క కిందటి ఆగస్టులో వెళ్ళింది. క్యాంపస్ లైబ్రరీలో పని చేసుకుంటోంది. అమ్మ ఇంకా రోజూ భయపడుతూనే ఉంది.

ఈ సావనీర్ మన పూర్వ విద్యార్థుల చేతికి కూడా వెళుతుందని విన్నాను. వారికి ఒక మనవి. అక్కడున్న అన్నయ్యలారా, అక్కయ్యలారా! మీ తర్వాత వచ్చేవారికి నగరాల ర్యాంకులు పంపకండి. ఏ వీధిలో గది తీసుకోవాలో, ఏ బస్సు ఎన్నింటికి ఆగిపోతుందో, ఏ మలుపు దగ్గర ఒంటరిగా నడవకూడదో రాసి పంపండి. మన స్టూడెంట్స్ యూనియన్ వాటిని ఊరివారీగా ఒక నోట్సు పుస్తకంలో ఎక్కించి లైబ్రరీలో పెట్టాలని కోరుతున్నాను. లెక్చరర్లు తలుచుకుంటే అది పెద్ద పనేం కాదు. లక్షకి ఎన్ని అన్న లెక్క ప్రభుత్వాలకి కావాలి. ఒక్కతే కూతురు ఉన్న ఇంటికి కావలసింది ఆ వీధి పేరు.