శిలాఫలకాలకు ఎక్కని పేర్లు

చెరువు కట్టించింది రాజు. శాసనం వేయించుకున్నదీ రాజే. మరి గంపలెత్తి కట్ట పోసింది ఎవరు? తూము రాళ్లు చెక్కింది ఎవరు? పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి పొలాలు పారిస్తూనే ఉన్నాయి. ఆ కట్టలు పోసిన చేతుల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట గుడికి శిల్పి రామప్ప పేరే స్థిరపడిందని ప్రతీతి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మనమంతా మురిసిపోయాం. పని చేసినవాడి పేరు నిలవడం అంత అరుదు కాబట్టే మనకు అది వింతగా తోచింది.

సామాన్యుడు పోతూ పోతూ ఏం మిగిల్చిపోతాడు? లోకం అడిగేది ఎకరాల లెక్క, బంగారం లెక్క. ఆ లెక్కన మన తాతలు, అవ్వలు మిగిల్చింది ఏమీ లేదు. కానీ ఏ తూము ఎత్తితే ఏ మడికి నీళ్లు పోతాయో, మత్తడి ఎప్పుడు దుంకుతుందో నీరటికి తెలుసు. కరువులో ఏ గింజ దాచాలో అవ్వకు తెలుసు. ఇది ఆస్తి కాదా? బోర్లు వచ్చి నీరటి పని పోయిన ఊళ్లల్లో ఆ తెలివి కూడా ఆయన వెంటే మట్టిలో కలిసింది. ఈ నష్టాన్ని ఏ రికార్డులోనూ రాయలేదు.

పోరాటాల సంగతీ అంతే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వలేదు. 1985లో కన్నుమూసిన ఆ తల్లి పేరును 2024లో మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషమే. కానీ ఆనాడు ఆమె వెంట నిలబడి వడ్లు ఇంటికి చేర్చిన వాళ్లందరి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

రాస్తే నిలుస్తుందనడానికి మన దగ్గరే రుజువులున్నాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదనతో కాక పేర్లతో జవాబు చెప్పారు. 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు లెక్కకొచ్చారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం తిండి, బట్ట, ఆటపాటలతో ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటనే విని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను తెచ్చింది. ఆ పని ఇంకో పదేండ్లు ఆలస్యమైతే ఎన్ని గొంతులు దొరకకుండా పోయేవో!

ఇప్పుడు మన వంతు. సాయుధ పోరాటాన్ని పసితనంలో చూసినవాళ్లు ఎనభైలు, తొంభైలలో ఉన్నారు. 1969లో లాఠీదెబ్బలు తిన్న విద్యార్థులు డెబ్భై దాటిన్రు. పెద్ద నాయకుల జీవితచరిత్రలు ఎవరో ఒకరు రాస్తారు. వీళ్ల గురించి మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

విద్యార్థులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకుపోండి. ఉద్యోగులారా, రిటైరైనవారు మీ సంఘంలోనే ఉన్నారు, వారితోనే మొదలుపెట్టండి. పేరు, ఊరు, చేసిన పని, చూసిన కరువు, పాల్గొన్న కొట్లాట అడగండి. వాళ్లు చెప్పిన మాటను వాళ్ల యాసలోనే రాయండి, దిద్దకండి. ఒక ప్రతి ఊరి బడిలో, ఒక ప్రతి పంచాయతీలో పెట్టండి. దీనికి ప్రభుత్వ జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

వచ్చే దసరాకు ఊరికి పోయినప్పుడు మొదటి పేరు రాద్దాం. వచ్చే ఏడు దాకా ఆగితే అడగడానికి ఆ మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు.