సాక్షుల జాబితాలో మన పేరు

గిద్దలూరు శాసనసభా స్థానంలో 2019 నాటి ఆధిక్యత 81,035 ఓట్లు. 2024లో అక్కడే గెలుపోటములను తేల్చినవి కేవలం 973 ఓట్లు. తమ ఒక్క ఓటుతో ఏమవుతుందనే సోదరులు ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడాలి.

మార్కాపురంలోని మా ఇంటికి కోడలు వచ్చి ఏళ్ళు గడిచినా, ఆమె పేరు కంభంలోని పుట్టింటి జాబితాలోనే ఉండిపోయింది. పోలింగు నాటి సాయంకాలం గాని మేము గ్రహించలేదు. ఆమె ఓటు వృథా అయింది. తప్పు మాదే.

కాపురం మారినా, పని కోసం హైదరాబాదు, బెంగుళూరులలో స్థిరపడినా 8వ నంబరు ఫారం ఇచ్చి చిరునామా మార్చుకోవాలి. రెండుచోట్ల పేరుండటం చట్టవిరుద్ధం. కొత్తవారికి 6వ నంబరు ఫారం. 2022 నుండి 18 ఏళ్ళ అర్హతకు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 1వ తేదీలు ప్రాతిపదిక.

వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీటి సంగతి అడిగే గొంతుకు బలం జాబితాలోని పేరే. పేరు లేనివారికి జవాబు చెప్పవలసిన అగత్యం ఏ నాయకునికీ కనిపించదు.

సాక్ష్యాన్ని దాచటాన్ని దివ్యఖుర్ఆన్ వారించింది. ఓటు కూడా సాక్ష్యమేనని పలువురు ఉలమా వివరించారు. ఈ జుమా నాడు ఇంటిల్లిపాది పేర్లూ జాబితాలో ఒకసారి సరిచూసుకుందాం. ముందుగా కోడళ్ళ పేర్లు.