ముసురుదినములలోని మనోవ్యాకులత

ఆషాఢము మొదలు భాద్రపదము వఱకు మన గోదావరి యొడ్డు గ్రామములందు సూర్యదర్శనము దుర్లభము. ముసురు పట్టినదా, వారము పదిదినముల వఱకు విడువదు. అట్టి దినములలో కొందఱు రైతులు ప్రొద్దెక్కినను మంచము దిగరు. పొలము వంక చూడరు. పలుకరించినచో ముక్తసరిగ బదులిత్తురు. ఇంటివారు దీనిని సోమరితన మందురు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. ఈ రెండును సరికావని నా యభిప్రాయము.

ఉత్తరదేశములలో శీతకాలపు పగలు మిక్కిలి కుఱుచయగుటచే ఏటేట ఆ ఋతువునందే మనసు క్రుంగు రోగమొకటి కలదు. నార్మన్ రోజెంతాల్ అను వైద్యుడును ఆయన సహచరులును 1984 సం.న దానిని వర్ణించి పేరు పెట్టిరి. ప్రాతఃకాలమున తీక్ష్ణమైన దీపకాంతి యెదుట అరగంట కూర్చుండబెట్టుట దాని చికిత్సలలో నొకటి. భద్రాచలమున మిక్కిలి కుఱుచ పగలు సైతము సుమారు 11 గంటలుండును గనుక ఆ దేశముల మాట యిచ్చట యథాతథముగ చెల్లదు. మనకు చీకటి తెచ్చునది పొద్దు కాదు, మబ్బు. దానితోపాటు వేఱు బరువులును వచ్చును. మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండవది 48, మూడవది 53 అని లెక్కించుచు రాత్రులు మేలుకొను కుటుంబములు బూర్గంపాడు, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో నెన్ని లేవు! 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన నీటిని చూచినవారికి అది వట్టి లెక్క కాదు. అప్పటికే అప్పు తెచ్చి విత్తనము, ఎరువు నేలలో పోసియుందురు. ప్రత్తిచేలో నీరు నిలిచి మొక్క యెఱ్ఱబాఱుచుండ, చేయునది లేక అరుగుమీద కూర్చుండినవాని మనసు క్రుంగుట వింతయా?

మిషను బడిలో మేము చదివిన బైబిలు కథలలో ఏలీయా ప్రవక్త అడవిలో చెట్టుక్రింద పడి చావు కోరుకొనెను. దూత వచ్చి అతనికి మొదట బోధ చేయలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి మరల నిద్రపోనిచ్చెను. మన యూళ్లలో దిగులుపడినవానికి మొదట లభించునది ఉపన్యాసము.

వాన తెరిపి యిచ్చినంతనే యతనిని పిలుచుకొని గట్లమీదికి పోవలెను. మబ్బుపట్టిన పగటివెలుతురు సైతము ఇంటిదీపపు వెలుతురుకంటె అనేకరెట్లు హెచ్చు. నీరు తీయ కాలువ త్రవ్వుట వంటి పని, గంటసేపైనను, తోడుండి చేయింపవలెను. సారా ఆ సాయంకాలము తేలికపఱచి మరునాడు బరువు పెంచును. రెండు వారములు దాటినను నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి తిరిగి రానిచో అది రోగమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. మందు గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును, నడుమ మానరాదు. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో రాత్రింబవళ్లు తెలుగులోనే మాటలాడుదురు.

ఇక నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచునది పురుగుమందు సంగతి. దిగులులో పుట్టు దుర్బుద్ధి తఱచుగ కొద్దిసేపే నిలుచును. ఆ కొద్దిసేపు విషము చేతికందకున్నచో ప్రాణము దక్కును. శ్రీలంకలో మిక్కిలి విషమైన పురుగుమందులను క్రమముగ నిషేధించిన పిమ్మట ఆత్మహత్యలు సగమునకు పైగా తగ్గినవి. మన యిండ్లలో డబ్బా మంచముక్రిందనో చూరులోనో యుండును. ఎరువులమ్ము సంఘము తాళముగల పెట్టెల నేల యమ్మరాదు? గోదాములో నొక గది కేటాయించి, మిగిలిన డబ్బాలను పేరు వ్రాసి యుంచుకొననీయరాదా? ఇది సంఘము పని కాదని కొందఱందురు. బాకీ నోటీసుతో సభ్యుని గడప త్రొక్కగల సంఘము, అతడు మూడువారములుగ కనబడకున్నచో ఎందులకని విచారింపలేదా? వచ్చు సర్వసభ్య సమావేశమున తాళపుపెట్టెల విషయమును చర్చకు పెట్టవలసినదని కార్యదర్శిగారిని కోరుచున్నాను.