నవ్వించే పోరాటం

హాస్యాన్ని సంభాషణల్లో పెట్టడం తేలిక, ఆట నియమాల్లోకి ఎక్కించడం కష్టం. ఆ కష్టమైన పని చేసింది కాబట్టే 2004లో గేమ్‌క్యూబ్ కన్సోల్‌కు వచ్చిన వీడియో గేమ్ ‘పేపర్ మారియో: ద థౌజండ్ ఇయర్ డోర్’ మొదటి భాగాన్ని మించిన సీక్వెల్ అంటాను. వంతులవారీ పోరాటమంటే మెనూలో ఆదేశమిచ్చి చూస్తూ కూర్చోవడమేనన్న విసుగు ఇక్కడ లేదు. ప్రతి పోరూ ఒక నాటక ప్రదర్శనే. సరైన క్షణంలో బటన్ నొక్కితే దెబ్బ బలపడుతుంది, ప్రేక్షకులు మెచ్చుకుంటారు, ఆ మెప్పుతోనే ప్రత్యేక శక్తులు నిండుతాయి. ఆ ప్రేక్షకుల్లో ఎవడైనా రాయి విసరబోతే ముందే పసిగట్టి వాడికే ఒకటి తగిలించొచ్చు. పాత విలన్ బౌజర్‌ను ఎక్కడికెళ్లినా ఆలస్యంగా చేరే అమాయకుడిగా మార్చడం మరో మంచి ఎత్తుగడ. లోపం నడకలో ఉంది. నాలుగో అధ్యాయంలో ఒకే దారిన పదేపదే తిరగాలి. ఏడో అధ్యాయంలో ఒక సైన్యాధికారి కోసం ఊరూరా గాలించాలి. అది జోకే అయినా సాగదీసిన జోకు. 2024లో స్విచ్ కన్సోల్‌కు వచ్చిన రీమేక్ అడ్డదారులు కల్పించి ఆ శ్రమ తగ్గించింది. ఇంగ్లిష్ సంభాషణలు ఓపికగా చదవగలిగితే రీమేక్‌నే ఆడండి. చదవడం బరువనుకుంటే దీని జోలికి పోకండి.