ఎన్ని క్లాసులు చూశావని కాదు, ఎక్కడ ఆగావని అడగండి

ఇంట్లో వైఫై ఉంది. ట్యాబ్ కొన్నాం. ఏడాది కోర్సుకు డబ్బు కట్టాం. పిల్లవాడికి విడిగా గది కూడా ఇచ్చాం. అయినా చదువు సాగడం లేదంటే కారణం బద్ధకమో, ఫోన్ పిచ్చో అని తేల్చేస్తాం. చాలా ఇళ్లలో ఈ తీర్పు తొందరపాటే అవుతోంది. తెర ముందు కూర్చున్న పిల్లల మనసులో ఏం జరుగుతోందో పట్టించుకోకుండా సదుపాయాలు ఎన్ని పెంచినా ఫలితం ఉండదు.

కరోనా కాలం ఈ పాఠం నేర్పింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారం చేసింది, ప్రైవేటు బడులు ఫోన్లలో క్లాసులు పెట్టాయి. 2020, 2021ల్లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2022లో మళ్లీ పరీక్షలు పెడితే రాష్ట్రంలో ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాకు ముందు, 2019లో అది 94.88 శాతం. 2022లో పరీక్ష రాసిన పిల్లలకు ఎనిమిదో తరగతి చివర్లోనే బడి ఆగిపోయింది, తొమ్మిదో తరగతిలో నవంబరు దాకా తలుపులు తెరుచుకోలేదు. తేడా అంతా ఆన్‌లైన్ చదువు వల్లే వచ్చిందని అనలేం. కానీ పాఠం ఇంటికి చేరినంత మాత్రాన చదువు చేరినట్టు కాదని మాత్రం తెలిసింది.

బడులు తెరిచినా ఆన్‌లైన్ చదువు పోలేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. నీట్, జేఈఈ, ఈఏపీసెట్ పాఠాలు ఇప్పుడు రామతీర్థంలోని ఇంటి అరుగు మీద కూర్చుని కూడా వినొచ్చు. నెల్లిమర్లకో, విజయనగరానికో ఆటో ఎక్కే పని లేదు. ఖర్చు తగ్గింది, ప్రయాణం తప్పింది. ఇది మంచిదే. అయితే ఆ ఆటోలో స్నేహితులతో చెప్పుకొనే కష్టసుఖాలు కూడా తగ్గిపోయాయి.

రెండు ప్రశ్నలు

చదువుకునేటప్పుడు పిల్లల్లో కలిగే భావాల మీద జర్మన్ మనస్తత్వవేత్త రైన్‌హార్డ్ పెక్రున్ చేసిన పని ప్రసిద్ధమైనది. ఆయన సిద్ధాంతం ప్రకారం ఆ భావాలు ముఖ్యంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ‘ఇది నావల్ల అవుతుందా?’, ‘దీనివల్ల నాకేంటి?’ అవసరమని తెలిసి, అవుతుందో లేదోనన్న అనుమానం ఉంటే ఆందోళన. అవసరమే గానీ నావల్ల కాదని తేలిపోతే నిస్పృహ. దేనికో అర్థం కాకపోతే విసుగు. వల్ల అవుతుంది, పనికీ వస్తుంది అనిపిస్తే ఉత్సాహం.

ఆందోళన చదువును నేరుగా దెబ్బతీస్తుంది. లెక్క చేస్తున్నప్పుడు అంకెలనూ సూత్రాన్నీ మెదడు కాసేపు చేత్తో పట్టుకున్నట్టు ఉంచుకోవాలి. ఆ పట్టుకునే చోటు చాలా చిన్నది. ‘నాన్న తిడతారు’, ‘ర్యాంకు గ్రూపులో పెడతారు’ అనే ఆలోచనలు అందులో సగం ఆక్రమిస్తే లెక్కకు చోటేది? అంతవరకు వచ్చిన లెక్క కూడా తప్పుతుంది. దాంతో భయం ఇంకా పెరుగుతుంది.

తరగతి గదిలో మాస్టారు ముఖాలు చూసి అర్థం కాలేదని గ్రహిస్తారు. పక్కవాడు కూడా తెల్లమొహం వేస్తే ‘నేనొక్కడినే కాదు’ అని ధైర్యం వస్తుంది. బోధికొండ మెట్లు నలుగురితో కలిసి ఎక్కితే ఆయాసం తెలియనట్టే ఇదీ. తెర ముందు ఆ నలుగురు ఉండరు. కెమెరా ఆపేస్తే సిగ్గు కూడా దాక్కుంటుంది. చూడని వీడియోలు పదయి, యాభై అవుతాయి. ఆ జాబితా తెరవాలంటేనే గుండె దడ. అదే ఫోనులో వేలు కదిపితే రీల్స్, ఆటలు. వాటిలో ఓడినా ఎవరూ తిట్టరు. పిల్లవాడు చాలాసార్లు సరదా కోసం కాదు, ఆ దడ నుంచి తప్పించుకోవడానికి అటు వెళ్తాడు. ఫోన్ లాక్కుంటే దడ తగ్గదు, దాక్కునే చోటు మాత్రమే పోతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

‘ఎన్ని క్లాసులు చూశావు?’ అనే ప్రశ్న మానేయండి. దానికి అబద్ధం చెప్పడం తేలిక. ‘ఎక్కడ ఆగిపోయావు?’ అని అడగండి. ఆగిపోవడం నేరం కాదని ఆ ప్రశ్నలోనే ఉంది. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. విన్న పాఠాన్ని మీకు ఐదు నిమిషాలు చెప్పమనండి. వాడు ఎక్కడ తడబడ్డాడో వాడికే తెలుస్తుంది.

పేరుకుపోయిన పాఠాలన్నీ ఒక్క ఆదివారంలో పూర్తిచేయాలని గడువు పెట్టకండి. రోజుకు ఒకటి, దాని మీద నాలుగు లెక్కలు చాలు. చేయగలిగానన్న అనుభవమే ప్రేరణను పుట్టిస్తుంది. ముందు ప్రేరణ వచ్చి తర్వాత పని మొదలవుతుందనుకుంటే రోజులు గడిచిపోతాయి. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో పిల్లలనే నిర్ణయించుకోనివ్వండి. వారానికి రెండుసార్లయినా స్నేహితులతో కలిసి చదివే ఏర్పాటు చేయండి. చుట్టాలబ్బాయి ర్యాంకు ప్రస్తావన భోజనాల దగ్గర వద్దు.

నిద్ర తగ్గించుకుని చదివితే లాభం లేదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే. రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఉండాలి, అమ్మానాన్నలవి కూడా.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

క్లాసు టైముకే తలనొప్పి, కడుపునొప్పి వస్తుంటే నాటకం అనకండి. మనసులోని ఆందోళన శరీరంలో నిజమైన నొప్పిగా కనిపిస్తుంది. ముందు కంటి చూపు, రక్తహీనత పరీక్ష చేయించండి. ముఖ్యంగా ఆడపిల్లల్లో నీరసానికి, ఏకాగ్రత లేకపోవడానికి రక్తహీనత కారణం కావచ్చు. రెండు వారాలకు మించి దిగులు, చిరాకు, నిద్రలో ఆకలిలో మార్పు, ఇష్టమైన ఆటల మీద కూడా ఆసక్తి పోవడం కనిపిస్తే అది కుంగుబాటు కావచ్చు. ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాట ఒక్కసారి విన్నా, ఆ రోజే వైద్యుడిని కలవండి. అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రభుత్వానికీ, బడులకూ ఒక మాట. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 నుంచి ఉంది. మానసిక ఆరోగ్యం అందులో భాగమే. ట్యాబ్ ఇచ్చిన ప్రతి బడికీ ఒక కౌన్సెలర్ క్రమం తప్పకుండా రావాలి. ఆన్‌లైన్ కోర్సులు అమ్మే సంస్థలు ఎన్ని గంటల వీడియోలున్నాయో ప్రకటనల్లో చెబుతాయి. మధ్యలో ఆగిపోయిన పిల్లలకు తిరిగి ఫోన్ చేసి పలకరించే మనిషి ఉన్నాడా అని డబ్బు కట్టే ముందు మీరే అడగండి. లేడంటే ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో నిర్ణయించుకున్నాకే కోర్సు కొనండి.